నాలుగొందల దండాలు, మూడు బాటిళ్ల రక్తం

నాయనా, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది. చదివేవాళ్ల కోసం ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ మేనమామ రేణిగుంట రోడ్డులో స్కూటర్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ తగిలింది. తుంటి ఎముక విరిగి రక్తం బాగా పోయింది. ఆపరేషన్‌కు బి నెగటివ్ మూడు బాటిళ్లు కావాలన్నారు. నువ్వు ఊరి గ్రూపులో మామ ఫోటోతో సహా పోస్టు పెట్టావు. సాయంత్రానికి నాలుగొందల మందికి పైగా స్పందించారు. దండాలు, ఏడుపు బొమ్మలు, 'అయ్యో పాపం', 'ఆ ఏడుకొండలవాడే కాపాడాలి'. ఒకాయనైతే మానవత్వం చచ్చిపోతోందని పది లైన్లు రాశాడు. రక్తం ఇవ్వడానికి వచ్చింది మాత్రం ముగ్గురే. ఆ ముగ్గురూ నీ పోస్టు కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. మామ గండం గడిచాక నువ్వు 'మీ దొంగ ఏడుపులు మీ దగ్గరే పెట్టుకోండి' అని ఇంకో పోస్టు పెట్టావు. దాంతో జనం నీ మీద పడ్డారు. కృతజ్ఞత లేనివాడన్నారు. ఇప్పుడు నువ్వడిగేది ఇది: వీళ్లది నిజంగా దొంగ జాలేనా, నేనన్నది తప్పా, రేపు మళ్లీ అవసరం వస్తే ఎలా అడగాలి?

నేను 27 ఏళ్లు తిరుపతిలో ఒక బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మా కిటికీ ముందు ఏడ్చినవాళ్లనీ, మమ్మల్ని తిట్టినవాళ్లనీ, ఏమీ మాట్లాడకుండా చొక్కా చెయ్యి మడిచి లోపలికొచ్చినవాళ్లనీ చూశాను. నాకు తెలిసింది చెప్తాను. కొన్ని మాటలు నీకు నచ్చకపోవచ్చు.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో నెగటివ్ గ్రూపులన్నీ కలిపినా వందకు ఐదారుగురు. మీ మామకు పనికొచ్చేది బి నెగటివ్, అది దొరక్కపోతే ఓ నెగటివ్. రెండూ కలిపి వందకు నలుగురు అనుకుందాం. అంటే నీ నాలుగొందల మందిలో పదహారు మంది. వాళ్లలో 18 నిండనివాళ్లు, 65 దాటినవాళ్లు, 45 కిలోల బరువు లేనివాళ్లు పోతారు. మగవాళ్లు ఒకసారి ఇస్తే 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి కాబట్టి ఈమధ్యే ఇచ్చినవాళ్లూ పోతారు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. పాపం ఇద్దామని వచ్చి, వేలి మీద చుక్క తీసి చూశాక వెనక్కి పోయిన ఆడపిల్లలు ఎంతమందో! ఇక మన జిల్లా పిల్లల్లో చాలామంది బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాల్లో ఉంటారు. అందరినీ తీసేస్తే నీకు నాలుగొందల్లో మిగిలేది ఐదారుగురు. ఆ ఐదారుగురిలో ఒకరికి బీపీ, ఒకరికి రాత్రి డ్యూటీ, ఒకరు తిరుమల కొండ మీద. కాబట్టి 'నాలుగొందల మంది ఏడ్చారు, ముగ్గురే వచ్చారు' అన్న నీ మాటలో కోపం ఉంది గానీ లెక్క లేదు.

అలాగని అందరినీ వదిలేయను. బి నెగటివ్ లేనివాడు కూడా ఆ రోజు వచ్చి తన రక్తం తను ఇచ్చి ఉండొచ్చు. అది మీ మామకు కాకపోతే పక్క వార్డులో ఇంకొకరికి పనికొచ్చేది. బెంగళూరులో ఉన్నవాడు తిరుపతిలో ఉన్న తమ్ముడికి ఒక ఫోన్ కొట్టి ఉండొచ్చు. పది లైన్లు రాసినాయనకు ఆ రాయడానికి పట్టిన టైమే చాలు. రక్తం తీయడానికి మాకు పట్టేది ఐదు నుంచి పది నిమిషాలు. 350 మిల్లీలీటర్లు, బరువు బాగా ఉంటే 450. తర్వాత ఒక జ్యూస్ ప్యాకెట్, రెండు బిస్కెట్లు.

మరి రాయడం దాకా వచ్చినవాడు రావడం దాకా ఎందుకు రాడు? నా వయసు వాళ్లు వెంటనే 'ఈ కాలం అలా తగలడింది' అంటారు. నేను అనను. ఎందుకో చెప్తాను.

మాది పుత్తూరు దగ్గర పల్లె. ఎవరైనా పోయారని కబురొస్తే మా అవ్వ నన్ను వెంటేసుకుని నడిచి పోయేది. దారి పొడవునా చింతపండు ధర, ఎవరి ఆవు ఈనింది, ఇలాంటి మాటలే. చావింటి వీధి మలుపు తిరగ్గానే నా చెయ్యి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని 'ఓ నా తల్లో, మమ్మల్నిడిసి యాడికి పోయినావే' అని రాగం ఎత్తుకునేది. మొదటిసారి నేను జడుసుకున్నాను. రెండోసారి నవ్వొచ్చింది, నెత్తిన ఒక మొట్టికాయ పడింది. ఇంట్లోకి పోయి చనిపోయినావిడ కూతుర్ని పట్టుకుని కాసేపు ఏడ్చేది. తర్వాత ముక్కు తుడుచుకుని లేచి 'పిల్లోళ్లు ఏమన్నా తిన్నారా?' అని అడిగేది. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. పక్కింట్లో కూర్చుని బియ్యం కడిగేది, ఎసరు పెట్టేది. సాయంత్రం ఆవుకు గడ్డి కూడా తనే వేసేది. మలుపు దగ్గర ఎత్తిన రాగం ఆ తర్వాత ఆమె నోట మళ్లీ వినపడేది కాదు.

మలుపు దగ్గర ఏడుపు నటనే. అవ్వకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. గుళ్లోకి పోయేముందు గంట కొడతాం చూడు, అలాంటిది. నేనొస్తున్నాను, మీ కష్టం నాకూ పట్టింది అని వీధికి చెప్పడం. మనం ఇప్పుడు గంట కొట్టేసి బయట నుంచే వెనక్కి తిరుగుతున్నాం. పైగా ఆ గంట ఎంత సులువంటే బొటనవేలితో కొట్టొచ్చు, ఒక్క నిమిషంలో ఇరవై గుళ్లలో కొట్టొచ్చు.

అలా కొట్టేవాడికి లోపల ఏమీ లేదని మాత్రం అనుకోకు. 2020 మార్చి 22 నీకు గుర్తుండే ఉంటుంది. జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదు గంటలకు అందరూ బయటికొచ్చి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టమన్నారు. మాతో పనిచేసే నర్సు ఒకమ్మాయి డ్యూటీ దిగి ఇంటికొస్తోంది. ఇంటి ఓనరు మేడ మీద స్టీలు పళ్లెం పట్టుకుని గరిటెతో మోగిస్తున్నాడు. ఆమెను చూసి పైనుంచే 'అమ్మా, నీయట్లాంటోళ్ల కోసమే!' అని అరిచాడు. కళ్లలో నీళ్లట. ఆ అమ్మాయే చెప్పింది, ఆమెకూ ఏడుపొచ్చిందట. రెండు వారాలు తిరక్కుండా అదే ఓనరు తలుపు కొట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడి అన్నాడు. 'ఏమనుకోవాకమ్మా, ఇంట్లో ముసలోళ్లుండారు. కొన్నాళ్లు యాడన్నా చూసుకో.'

లాక్‌డౌన్‌లో ఎక్కడ చూసుకుంటుంది? నలభై రోజులు మా ఇంట్లో ఉంది. ఇలాంటివి దేశంలో చాలాచోట్ల జరిగాయి. ఏప్రిల్ 22న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బందిని కొట్టడమే కాదు, వాళ్లు ఉండే చోట బతకనీయకుండా వేధించడం కూడా నేరమని అందులో రాశారు. చప్పట్లు కొట్టి నెల తిరగ్గానే చట్టం రాయాల్సి వచ్చిందంటే చూడు.

ఆ ఓనరుది దొంగ జాలి అని నువ్వంటావు. నేను చాలా రోజులు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. పళ్లెం మోగించినప్పుడు ఆయన అబద్ధమాడలేదు. ఆ నీళ్లు నిజం నీళ్లే. ఆయన దయ మేడ మీద ఉన్నంతసేపు బాగానే ఉంది. మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చి 'నాకేమిస్తావు' అని అడిగేసరికి ఆయన దగ్గర ఇవ్వడానికి ధైర్యం లేదు. మనలో చాలామంది అంతే. గుండె ఉంటుంది, దానికి కాళ్లు ఉండవు.

ఇంకో కారణం కూడా ఉంది. అది మా అబ్బాయి చెప్పాడు. కెనడాలో చేసిన పరిశోధనట, 2014లో అచ్చయింది. అక్కడ నవంబరులో, యుద్ధాల్లో పోయిన సైనికుల గుర్తుగా చొక్కాకు ఎర్రపువ్వు పెట్టుకుంటారు. దారిన పోయేవాళ్లలో కొందరికి ఆ పువ్వు నలుగురికీ కనిపించేలా చొక్కాకు పెట్టారు. కొందరికి కవర్లో పెట్టి చేతికిచ్చారు. కాస్త ముందుకు పోయాక మాజీ సైనికుల కోసం చందా అడిగితే, కవర్లో పువ్వు ఉన్నవాళ్లు ఎక్కువ వేశారు. చొక్కాకు పువ్వున్నవాళ్లు అప్పటికే నలుగురి ముందు మంచివాళ్లయిపోయారు మరి! 'ఓం శాంతి' అని టైపు చేశాక మనసు కాస్త తేలికపడుతుంది చూడు. ఆ తేలికే మనిషిని కుర్చీలోంచి లేవనివ్వదు.

ఇదంతా విని, చూపించుకోవడమే తప్పంటున్నానని అనుకోకు. మన గుళ్లలో ఫ్యాన్ల రెక్కల మీద దాత పేరు, ఆయన భార్య పేరు, ఇంటిపేరు, ఊరు, అన్నీ రాసి ఉంటాయి. చిన్నప్పుడు నేను తల పైకెత్తి చదివేదాన్ని. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడాలంటే ఫ్యాను ఆగాలి. అయినా ఆయన కొనిచ్చాడు, ఎండాకాలం గాలి వస్తోంది. పేరు రాసుకుంటే రాసుకోనీ. అలాగే సినిమా హీరోల పుట్టినరోజులకు అభిమానులు ఫ్లెక్సీ కట్టి, దాని కింద పడుకుని రక్తం ఇస్తారు. ప్రతివాడికీ ఫోటో కావాలి. సూది గుచ్చిన చెయ్యి కెమెరాకు అడ్డం రాకూడదని మాతో గొడవపడినవాళ్లున్నారు. నేను ఎప్పుడూ విసుక్కోలేదు. ఆ బ్యాగుల్లోంచి ఎన్ని కాన్పులు గట్టెక్కాయో నాకు తెలుసు. ఒక్కటే ఇబ్బంది, ఒకే రోజు వందల బ్యాగులు వస్తే దాచుకోలేం. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 35 రోజులు, కొత్తరకం ద్రావణం కలిపితే 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. అదే ఎండాకాలం కాలేజీలు మూసేస్తే మా ఫ్రిజ్‌లో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. 

ఇక ఆసుపత్రి వార్డుల్లో బ్రెడ్డు, పండ్లు పంచడం గురించి చెప్పాలంటే ఇంకో రోజు కావాలి. ఒక అరటిపండును ఎనిమిది మంది పట్టుకుని నిలబడ్డ ఫోటోలు చూశాను. మంచం మీద పేషెంటుకు ఆపరేషన్ ఉంది, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఫోటో అయ్యాక పండు మళ్లీ బుట్టలోకి పోయింది.

నిజంగా నాకు ఒళ్లు మండేది వేరే చోట. జాలి ఇంకొకర్ని కొట్టే కర్రగా మారినప్పుడు.

ఒకసారి మా దగ్గరికి ఏడాదిన్నర పిల్లాడి కేసు వచ్చింది, వేడినీళ్లు మీద పడ్డాయి. రక్తం కోసమని బంధువులెవరో గ్రూపుల్లో పెట్టారు. వాళ్లమ్మ బయట వరండాలో నేల మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా జుట్టు కూడా ముడేసుకోలేదు. దాత రక్తం పిల్లాడికి సరిపోతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగు పరీక్షకు నేను శాంపిల్ తీసుకుని వస్తుంటే ఫోను నా ముందుకు చాపింది. చదివాను. 'బంగారుకొండ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి' అని రాసి, దాని కిందే 'తల్లి ఏం చేస్తోంది, సీరియల్ చూస్తోందా? ఇట్లాంటి ఆడోళ్లకు పిల్లలెందుకు?' అని ఒకరు. దాని కింద 'నిజం చెప్పారు' అని ఎన్నో దండాలు. ఆ అమ్మాయి నన్ను అడిగింది. 'అక్కా, నీళ్లు కాచింది వానికి స్నానానికే. నేను సీరియల్ చూస్తా ఉండానా?'

ఏం చెప్పాలో తెలియలేదు. ఫోను తీసుకుని వాళ్ల తమ్ముడికిచ్చి, ఆమె చేతికి మళ్లీ ఇవ్వొద్దని చెప్పాను. ఆ రాసినావిడకు పిల్లాడి మీద ప్రేమ లేదనను. కానీ పిల్లాడి కోసం ఏడ్చే నెపంతో ఒక తల్లిని కొట్టింది, పైగా తను దయగలదాన్నని అనిపించుకుంటూ కొట్టింది. నువ్వు దొంగ ఏడుపు అన్న మాట ఇలాంటి చోట వాడి ఉంటే నేను నీ పక్కన నిలబడేదాన్ని.

2025 జనవరి 8 రాత్రి మన తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. మర్నాడు పొద్దున మా గ్రూపుల్లో ఒక పెద్దమనిషి ముందు 'వారి ఆత్మలకు శాంతి కలగాలి' అని పెట్టాడు. పది నిమిషాల తర్వాత ఆయనే 'టోకెన్ కోసం అంత ఆత్రమా, జనానికి క్రమశిక్షణ లేదు' అని పెట్టాడు. ఆయన ప్రతి ఏడూ సిఫార్సు లెటరు మీద దర్శనానికి పోతాడు. క్యూలో నిలబడి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియాలి. ఇలాంటి జాలిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చచ్చినవాళ్ల కోసం రాసినట్టే ఉంటుంది, అది మాట్లాడేది మాత్రం చుట్టూ ఉన్న మనతో. చూడండి, నేను ఎంత మంచివాణ్ణో, వాళ్లెంత తెలివితక్కువవాళ్లో అని.

దీనికి పూర్తిగా ఎదురు మనిషిని ఒకర్ని చూశాను. కొర్లగుంటలో ఇడ్లీబండి. ఓ నెగటివ్. నా సర్వీసులో నలభైసార్లకు తక్కువ కాకుండా ఇచ్చి ఉంటాడు. 'అయ్యో పాపం' అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. ఒక యాక్సిడెంటు కేసుకు అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చి పడుకుని, 'ఎవుడబ్బా వాడు, హెల్మెట్టు పెట్టుకోకుండా చచ్చేదానికి పోయింది? బిన్నా గుచ్చండి, మూడు గంటలకు నేను పిండి రుబ్బాల' అన్నాడు. పేషెంటు తాలూకు వాళ్లు పక్కనే ఉన్నారు, వాళ్ల ముఖాలు మాడిపోయాయి. రక్తం ఇచ్చాక జ్యూస్ ప్యాకెట్ తాగుతూ వాళ్లను 'అన్నం తిన్నారా?' అని అడిగాడు. పొద్దున వాళ్ల ఆరుగురికీ ఇడ్లీలు పంపించాడు. ఫోటో తీస్తామంటే 'ఈ మొహానికి ఫోటో ఒకటి' అని పోయేవాడు. ఆ మనిషి తన నోటి మాటను ఉన్నదున్నట్టు గ్రూపులో రాసి ఉంటే, రాయి గుండెవాడని తరిమేసేవాళ్లు.

నీకు రక్తమిచ్చిన ముగ్గురూ ఒక్క ముక్క రాయలేదని ఆశ్చర్యపోయావు కదా. నాకు ఆశ్చర్యం లేదు. వచ్చేవాడు చదవగానే బండి తాళాలు వెతుక్కుంటాడు.

ఇక నా సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే నేనూ మేడ మీద నుంచి మాట్లాడినట్టే అవుతుంది. పోయినేడు నాతో పదిహేనేళ్లు పనిచేసినావిడ భర్త పోయాడు. వాళ్లది చంద్రగిరి. తిరుపతి నుంచి ఎంత దూరం, గట్టిగా పన్నెండు కిలోమీటర్లు. మా పాత స్టాఫ్ గ్రూపులో నేను 'మాటలు రావడం లేదు' అని మొదలుపెట్టి ఆరు లైన్లు రాశాను. చాలామంది దండాలు పెట్టారు, ఒకరిద్దరు 'ఎంత బాగా రాశారు మేడమ్' అన్నారు. నాకు లోపల సంతోషం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మోకాళ్ల నొప్పి అని వెళ్లలేదు. ఆ నొప్పితోనే ఆ వారంలో ఒక పెళ్లికి వెళ్లాను. పెద్దకర్మ రోజు వెళ్తే ఆమె నా చెయ్యి పట్టుకుని 'నీ మెసేజ్ చూశానక్కా. బాగుండింది' అంది. అంతే. ఇంకేమీ అనలేదు. నేను భోజనం సరిగా చేయలేకపోయాను.

నీ పోస్టు సంగతికి వస్తాను. నువ్వు అన్న మాటలో నిజం ఉంది, కానీ అందరినీ ఒకే గాటన కట్టావు. ఆ నాలుగొందల్లో మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ ఉంటుంది, కువైట్‌లో డ్రైవర్ ఉంటాడు. వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఆ దండం తప్ప ఏమీ లేదు. ఆ దండం దొంగది కాదు. పైగా నువ్వు తిట్టిన గ్రూపులోనే ఆ ముగ్గురు కూడా ఉన్నారు. వాళ్లూ చదివి ఉంటారు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. మామ ఫోటో ఎందుకు పెట్టావు? స్ట్రెచర్ మీద, నెత్తురుతో ఉన్న ఫోటో. జాలి ఎక్కువ వస్తుందనే కదా. వచ్చింది. నువ్వు ఏడుపు అడిగావు, ఏడుపే ఇచ్చారు. నేను 27 ఏళ్లలో చూసింది చెప్తున్నాను, ఫోటో కన్నీళ్లను తెస్తుంది, వివరాలు మనిషిని తెస్తాయి. ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఎన్నింటిలోపు, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ తారీఖు. ఇంతే రాయి. మామ లేచి నడిచాక, ఎవరో పిల్లాడు ఆ ఫోటో చూపించి 'ఇది నువ్వే కదా తాతా' అంటే ఆయనకెలా ఉంటుందో ఒకసారి ఆలోచించు. తలసీమియా అని, పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ బతికున్నంతకాలం. వాళ్లకు నెత్తురు ఫోటోలుండవు. అందుకే వాళ్ల కోసం గ్రూపుల్లో ఎవరూ ఏడవరు.

మళ్లీ అవసరం వస్తే గుంపును అడగొద్దు, మనిషిని అడుగు. మాకు ట్రైనింగులో ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1968లో అమెరికాలో డార్లీ, లాటానే అనే ఇద్దరు చేసింది. పక్క గదిలో ఒకడికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపిస్తారు. వినేది నేనొక్కడినే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది సాయానికి కదిలారు. నాతోపాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో ఆ మనిషి గొంతు ఆగిపోయేలోపు కదిలింది 31 మందే. ఐదుగురికే అలా ఉంటే, నీ గ్రూపులో వేలమంది. ప్రతివాడూ ఇంకెవరో వెళ్లుంటారనే అనుకుంటాడు. ఇది చెడ్డతనం కూడా కాదు. 'ఎవరైనా సాయం చేయండి' అనొద్దు. ఫోన్ చేసి పేరు పెట్టి పిలువు: 'అన్నా, నీది బి నెగటివ్ కదా, ఈ పొద్దు నాలుగింటికి రాగలవా? రాలేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటా.' అలా అడిగితే కాదనడానికి కూడా మనిషికి తావు ఉంటుంది. చిత్రమేమంటే అప్పుడే ఎక్కువమంది అవునంటారు. మా బ్లడ్ బ్యాంకులో అరిగిపోయిన ఒక నోటుబుక్కు ఉండేది, నెగటివ్ గ్రూపుల వాళ్ల ఫోను నంబర్లతో. అన్ని క్యాంపుల కంటే ఆ పుస్తకమే ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది. మీ వీధిలో, మీ ఆఫీసులో నువ్వు కూడా అలాంటిది ఒకటి రాసిపెట్టుకో, అవసరం రాకముందే. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఉందో చూసుకోవడానికి కేంద్రప్రభుత్వానిది ఈ-రక్తకోశ్ అని ఉంది. ముందు అది చూసి, ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే జనాన్ని పిలువు. డబ్బులిస్తే రక్తం ఇప్పిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా చెబితే దగ్గరికి రానివ్వకు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం ఆగిపోవాలి. బ్లడ్ బ్యాంకులు తీసుకునేది పరీక్షలకూ నిలవకూ అయ్యే ఖర్చే.

ఆ రోజు రోడ్డు మీద వీడియో తీసినవాళ్లను కూడా తిట్టావు. తిట్టు, కాదనను. కానీ వాళ్లలో కొందరికి పోలీసు కేసు భయం ఇంకా పోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో కొత్తగా చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం కూడా ఉండదు. ఈ సంగతి మీ గ్రూపులో పెడితే, తిట్టినదానికంటే ఎక్కువ పనికొస్తుంది.

నీ ప్రశ్నలో ఒకటి మాత్రం నాకు కనపడలేదు. నీ గ్రూపు ఏది? నువ్వు చివరిసారి ఎప్పుడిచ్చావు? జవాబు ఇక్కడ రాయనక్కర్లేదు.

ఇవాళ చేయాల్సింది ఒకటుంది. నీ రెండో పోస్టు తీసేయకపోయినా ఫర్వాలేదు, మొదటిది తీసేయి. 'రక్తం దొరికింది, మామ కోలుకుంటున్నాడు, ఇక ఎవరూ రావద్దు, ఫార్వర్డ్ చేయొద్దు' అని ఒక్క లైను పెట్టు. ఆ మొదటి పోస్టు మీద తారీఖు లేదు, నీ ఫోను నంబరు మాత్రం ఉంది. ఇలాంటివి ఏళ్ల తరబడి తిరుగుతాయి. చనిపోయిన పేషెంట్ల ఇళ్లకు 'రక్తం ఇంకా కావాలా' అని ఫోన్లు వచ్చిన సంగతులు నాకు తెలుసు. నీది నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది. 'అర్జెంట్, అందరికీ షేర్ చేయండి' అని ఉంది. పొద్దున చూసేసరికి దాని కింద పదకొండు దండాలున్నాయి.